చీర ఉయ్యాల ఊపు ఆగితే చాలు లేచిపోతంది, ఎనిమిదిన్నర నెలల పాప రాత్రిళ్ళు తనంతట తనే పడుకోవడం ఎలా నేర్పాలి?

గుణుపురం_అమ్మ | సోమవారం, రాత్రి 2:10

అందరికీ నమస్తే. ఎడం చేత్తో ఉయ్యాల తాడు లాగుతూ కుడి చేత్తో టైప్ చేస్తన్నాను, తప్పులుంటే ఏమీ అనుకోకండి. మాది గుణుపురం, పుట్టిల్లు పార్వతీపురం. పాపకి ఎనిమిదిన్నర నెలలు. పుట్టిన నెల నించీ చీర ఉయ్యాలే, మా అత్తగారి పాత నేత చీర, దూలానికి కొక్కెం. అందులో వేసి ఊపితే అయిదు నిమిషాల్లో కళ్ళు మూస్తాది. ఊపు ఆపేనా, కొక్కెం కిర్రుమనడం ఆగేనా, అప్పుడు కళ్ళు తెరిచి నన్ను వెతుక్కుంటాది. మళ్ళీ పాలు, మళ్ళీ ఊపు. నిన్న గోడ మీద పెన్సిల్‌తో గీతలు పెట్టేను, 10 నించి తెల్లారి 5 దాకా 7 గీతలు. మా ఆయనది రైల్వేలో రన్నింగ్ డ్యూటీ, రాయగడలో ఉంటారు, వారానికి రెండు రోజులే ఇంటికొస్తారు. భుజం పైకి ఎత్తలేకపోతన్నాను, మొన్న పగలు పొయ్యి మీద పాలు పెట్టి గోడకానుకుని అలాగే నిద్రపోయేను, గిన్నె మాడి వాసనొచ్చేదాకా తెలీలేదు. అప్పుడు భయమేసింది.

పాప బాగానే ఉంది, బరువు 7 కిలోల 600, చోడి (రాగి) జావ తింటాది, పప్పన్నం తింటాది, డాక్టరు ఏ ఇబ్బందీ లేదన్నారు. తనంతట తను పడుకోవడం ఎవరైనా నేర్పేరా? ఏడిపించి వొదిలేయడం మాత్రం నా వల్ల కాదు. అత్తగారు కూడా ఏడిపిస్తే బొడ్డు పొంగుతాదంటారు.

రాయగడ_వదిన | సోమవారం, ఉదయం 6:35

అమ్మా ముందు ఆ పాలగిన్నె ఊసు చదివి గుండె ఝల్లుమంది. పగలు పాప పడుకున్నప్పుడు పనులు ఒగ్గేసి నువ్వూ పడుకో, అంట్లు ఎక్కడికీ పోవు. నాకు ఇద్దరు, పెద్దోడితో అచ్చం ఇదే పడ్డాను, పది నెలలొచ్చేదాకా నా భుజం మీద తప్ప పడుకోలేదు. రెండోదానికి మొదట్నించీ వేరేగా అలవాటు చేసేను.

కొన్ని చెప్పు. పగలు ఎన్నిసార్లు పడుకుంటాది, సాయంత్రం ఆఖరి కునుకు ఎప్పుడు తీస్తాది, రాత్రి ఉయ్యాల్లో ఎన్నింటికి వేస్తన్నావు, పాలు తాగుతూ నోట్లో ఉండగానే నిద్రపోతాదా లేక తాగేక ఉయ్యాల్లో వేస్తావా? ఇవి తెలిస్తేగాని ఏమీ చెప్పలేం.

గుణుపురం_అమ్మ | సోమవారం, మధ్యాహ్నం 1:20

వదినా థాంక్స్. పగలు మూడుసార్లు. ఆఖరిది సాయంత్రం 6 నించి 7 దాకా, అప్పుడే అత్తగారు టీవీ పెడతారు, నేను వంట చేస్తాను. రాత్రి 9 కి ఉయ్యాల్లో వేస్తాను కానీ పదిన్నర దాకా గింజుకుంటాది. పాలు తాగుతూనే సగం నిద్రలోకి జారిపోతాది, అప్పుడు మెల్లిగా ఉయ్యాల్లోకి మారుస్తాను. మారుస్తున్నప్పుడు లేస్తే మళ్ళీ మొదటికే.

బరంపురం_సిస్టర్ | సోమవారం, రాత్రి 9:15

నేను పిల్లల వార్డులో స్టాఫ్ నర్సుని, డ్యూటీ అయ్యి ఇప్పుడే చూసేను.

మీ పాప ఊపు ఆగినందుకు లేస్తందని మీరు అనుకుంటన్నారు, అసలు సంగతి కొంచెం వేరు. నిద్ర అంటే రాత్రంతా ఒకటే ముక్క కాదు. పెద్దవాళ్ళకి ఒక విడత దగ్గర దగ్గర 90 నిమిషాలు, ఈ వయసు పిల్లలకి 50, 60 నిమిషాలే. ప్రతి విడత చివరా ఎవరైనా కాస్త మెలకువలోకి వస్తారు, మనమూ వస్తాం, దిండు సర్దుకుని అటు తిరిగి పడుకుంటాం, పొద్దున్న గుర్తుండదు. పాప కూడా అలాగే వస్తాది. వచ్చి చూసుకుంటే పడుకున్నప్పుడున్న పాలు లేవు, ఊపు లేదు, అమ్మ ఒళ్ళు లేదు. ఒకసారి ఊహించుకోండి, మీరు మీ మంచం మీద పడుకుని అర్ధరాత్రి వంటింట్లో లేస్తే ఎలా ఉంటాది? అరవరా? పాపా అదే చేస్తంది. 7 గీతలంటే సరిగ్గా ఆ విడతల లెక్కే.

అందుకని లేవకుండా చేయడం మన చేతిలో లేదు. రాత్రి మొదలులో ఎలా పడుకుంటాదో అది మార్చగలం. 9 కో 10 కో కళ్ళు మూసినప్పుడు ఏ పక్క మీద, ఏ చీకట్లో, ఏ చప్పుడులో ఉందో రాత్రి 2 కి లేచినప్పుడు కూడా అవే ఉంటే, మళ్ళీ తనే పడుకునే వీలుంటాది.

ఇంకోటి, ఆ ఉయ్యాల. ఎనిమిదిన్నర నెలల పిల్ల లేచి కూర్చుంటాది, అంచు పట్టుకుని ముందుకి వంగుతాది. చీర ఉయ్యాల్లో గెడ్డం రొమ్ముకి ఆనుకుపోయి ఊపిరి ఇబ్బందయ్యే ప్రమాదం ఎలాగూ ఉంది, పడిపోయే ప్రమాదం ఇప్పుడు కొత్తగా వచ్చింది. దెబ్బ తగిలి మా వార్డుకొచ్చిన పిల్లల్ని చూసేను గనక చెప్తన్నాను. నిద్ర కోసం కాకపోయినా రాత్రి ఉయ్యాల మానేయడం మంచిది.

పర్లాకిమిడి_మామ్మ | మంగళవారం, ఉదయం 8:05

మా మనవరాలు టైప్ చేస్తంది, నాను చెప్తన్నాను. ఒలమ్మా, నాను ఆరుగురిని పెంచేను, ఒక్కళ్ళకి కూడా పడుకోవడం నేర్పలేదు. నిద్ర నేర్పేదేటి? తల్లి పక్కలో వెచ్చగా పడుకుంటారు, వొయసొస్తే వాళ్ళే విడిపోతారు. ఈ మజ్జి ఫోన్లలో చూసి పసిగుంటల్ని వేరే గదిలో తలుపేసి ఏడిపించడం, అది మనోళ్ళ పద్ధతి కాదు. ఏడ్చి ఏడ్చి ఊరుకుంటే నేర్చుకున్నట్టా, ఎవరూ రారని తెలుసుకున్నట్టా? మీ అత్త చెప్పింది నిజమే, పిల్లని ఏడిపించకు.

బరంపురం_సిస్టర్ | మంగళవారం, మధ్యాహ్నం 2:40

మామ్మగారూ మీ మాటకి గౌరవం ఉంది, వేరే గది ఎవరమూ చెప్పడం లేదు. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2022 లో ఇచ్చిన సలహాల్లోనే కనీసం ఆరు నెలలు తల్లిదండ్రుల గదిలోనే పడుకోబెట్టమని ఉంది, కాకపోతే ఒకే పక్క మీద కాదు, పక్కనే ఇంకో పక్క మీద. గట్టి పరుపు లేదా మడత పెట్టని చాప మీద పల్చటి బొంత, వెల్లకిలా, దిండు లేకుండా, మొహం మీదకొచ్చే దుప్పట్లు లేకుండా. గదిలో పొగ ఉండకూడదు, చుట్ట అయినా బీడీ అయినా సరే.

2010 లో 17 దేశాల, ప్రాంతాల పిల్లల నిద్ర మీద పెద్ద లెక్క తీసేరు, 29,287 మంది పిల్లలు, అందులో మన దేశం కూడా ఉంది. ఆసియా ఇళ్ళల్లో పిల్లలు ఆలస్యంగా పడుకుంటారని, అమ్మానాన్నల పక్కలోనో గదిలోనో ఉండడం చాలా ఎక్కువని తేలింది. అంటే మనం చేస్తున్నది వింతేమీ కాదు. ఆ అమ్మాయి కష్టం పక్కలో పడుకోవడం కాదండీ, రాత్రికి ఏడుసార్లు లేవడం.

బొడ్డు సంగతి, ఏడుపు వల్ల బొడ్డు పొంగడం రాదు. పుట్టుకతో బొడ్డు దగ్గర కండ సందు మూసుకోకపోతే అది ఏడ్చినప్పుడు, ముక్కినప్పుడు ఉబ్బి కనిపిస్తాది, అంతే. చాలా మందికి నాలుగైదేళ్ళలోపు దానంతటదే మూసుకుంటాది. రూపాయి బిళ్ళ కట్టకండి, పుండవుతాది. ఉబ్బింది గట్టిపడి లోపలికి పోకుండా పాప వాంతులు చేసుకుంటే మాత్రం ఆ క్షణమే ఆస్పత్రికి.

జయపురం_జ్యోతి | మంగళవారం, రాత్రి 10:50

మామ్మ మాట విని నాకు కళ్ళనీళ్ళొచ్చేయి. నేను తలుపేసి ఏడిపించిన దాన్ని. బాబుకి అప్పుడు నాలుగు నెలలే. 3 నిమిషాలు ఆగి వెళ్ళి జోకొట్టాలి, తర్వాత 5, తర్వాత 10 అని చదివి చేసేను. మొదటి రాత్రి గంటా పది నిమిషాలు, రెండో రాత్రి గంటన్నర, మూడో రాత్రి అత్తగారు తట్టుకోలేక నన్ను పక్కకి తోసి వాడిని ఎత్తుకున్నారు, నాలుగో రాత్రి మా ఆయన. ఒకరు ఏడవనిస్తే ఇంకొకరు ఎత్తుకుంటన్నాం, వాడికి ఏది నిజమో తెలీలేదు. ఆరో రోజు చెవిలోంచి చీము కారింది. వాడు నిద్ర కోసం ఏడవలేదు, చెవి నొప్పికి ఏడ్చేడు. డాక్టరు దగ్గర కూర్చుని నేను ఏడిచేను. ఆ పద్ధతి తప్పని నేననను, మా ఆడపడుచు పిల్లకి ఏడు నెలలప్పుడు అదే పద్ధతి నాలుగు రాత్రుల్లో పట్టుబడింది. నాలుగు నెలలకి తొందర పడొద్దు, ముందు ఒంట్లో బాగుందో లేదో చూపించు, ఇంట్లో అందరూ ఒక మాట మీద ఉంటేనే మొదలుపెట్టు.

బరంపురం_సిస్టర్ | మంగళవారం, రాత్రి 11:20

జ్యోతీ, నీ తప్పు లేదమ్మా. చెవి నొప్పి పడుకోబెడితే ఎక్కువవుతాది, బయటికి కనపడదు. హఠాత్తుగా నిద్ర చెడితే మేం ముందు చెవులే చూస్తాం.

మీ ఆడపడుచు చేసింది బోస్టన్ డాక్టరు ఫెర్బర్ పేరు మీద పిలిచే పద్ధతి, 1985 నించీ ఉంది. దాని మీద భయాలు చాలా ఉన్నాయి గనక ఆస్ట్రేలియాలో 2016 లో 43 మంది పిల్లల్ని తీసుకుని చూసేరు, వయసు 6 నించి 16 నెలలు. కొందరికి ఆ ఆగి ఆగి వెళ్ళే పద్ధతి, కొందరికి పడుకునే టైము జరిపే పద్ధతి, కొందరికి ఊరికే నిద్ర గురించి వివరాలు చెప్పి పంపేరు. ఏడాది తర్వాత తల్లీపిల్లల అనుబంధంలో గాని పిల్లల ప్రవర్తనలో గాని తేడా కనపడలేదు. చిన్న లెక్కే, అయినా కొంత ధైర్యం. ఏడిపించడం ఇష్టం లేని అమ్మకి అందులో రెండోదే నా సలహా. ఇప్పుడు పాప నిజంగా పడుకుంటున్నది పదిన్నరకి కదా, 9 కే వేసి గంటన్నర కుస్తీ పట్టడం ఎందుకు? నాలుగైదు రోజులు పదింపావుకి వేయండి, నిద్ర ముంచుకొస్తున్నప్పుడు పక్క మీద పెడితే గొడవ తక్కువ. అలవాటయ్యేక పావుగంట చొప్పున ముందుకి జరుపుకుంటూ రండి. సాయంత్రం కునుకు 5 లోపు అయిపోవాలి, 7 దాకా పడుకుంటే రాత్రికి నిద్ర ఎక్కడినించి వస్తాది?

సిరొంచ_నాన్న | బుధవారం, ఉదయం 5:50

మాది సిరొంచ, గడ్చిరోలి జిల్లా. బిడ్డని పండవెట్టుడు మా ఇంట్ల నా పని, అందుకే రాస్తున్న. మాక్కూడా తొట్టెల అలవాటే, కొడుకు తొమ్మిది నెలలదాక తొట్టెల ఊపుతేనే పండెటోడు. ఒక్కసారే బంద్ చేస్తే ఊరంత లేపుతడని నేను మెల్లమెల్లగ తగ్గించిన. మొదటి మూడు రాత్రులు నిద్ర వట్టేదాక ఊపి, కండ్లు మూతలువడంగనె ఊపుడు సగం చేసిన. మల్ల మూడు రాత్రులు కండ్లు తెరిచి ఉండంగనె ఆపి, తొట్టెల మీద చెయ్యి వెట్టి నిలవడ్డ. తరువాత తొట్టెల ఊపకుంట పండవెట్టి, ఛాతి మీద అరచెయ్యి ఆనిచ్చిన. ఆ చెయ్యి బరువు ఉంటె సాలు వానికి. నేను మెల్లగ ఊపిరి తీస్తుంటె వాని ఊపిరి కూడ మెల్లగ అయితుండె, చెయ్యి కింద తెలుస్తుండె. ఆఖరికి తొట్టెల తీసి కింద పక్క ఏసిన. మొత్తం పదకొండు రాత్రులు వట్టింది. ఏడ్వలేదని కాదు, ఏడ్సిండు, గని నేను పక్కకెళ్ళి కదల్లే.

ఇంకో మాట. అమ్మ దగ్గరికొస్తె పాల వాసనకి తాగుతనంటడు, నా దగ్గరైతె అది లేదు. మీ ఆయన ఇంటికొచ్చే రెండు రాత్రులు ఆయననె పండవెట్టమను.

బల్లార్షా_అన్న | బుధవారం, మధ్యాహ్నం 12:30

ఇంత కష్టం ఎందుకమ్మా, మా చెల్లి బిడ్డకి గిట్లనే ఉంటె మెడికల్ షాపాయన జలుబు సిరప్ ఇచ్చిండు, సగం చెంచా పోస్తె రాత్రంత పండింది. ఏం కాలేదు.

బరంపురం_సిస్టర్ | బుధవారం, మధ్యాహ్నం 1:05

అన్నా దయచేసి ఈ మాట ఇంకెవరికీ చెప్పకండి. అందరూ చదువుతారు గనక గట్టిగా చెప్తన్నాను. జలుబు సిరప్పుల్లో ఉండే క్లోర్‌ఫెనిరమిన్ మత్తు మందులాగ పని చేస్తాది, చంటి పిల్లలకి ఊపిరి మందగించొచ్చు, కొందరికి తిరగబడి ఇంకా గింజుకుంటారు. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన సిరప్ నాలుగేళ్ళలోపు పిల్లలకి వాడకూడదని మన దేశపు మందుల కంట్రోలర్ 2023 డిసెంబరులోనే ఆదేశమిచ్చి సీసా మీద రాయించమన్నారు. జలుబుందా లేదా అన్న దానితో పని లేదు, నిద్ర కోసం ఏ మందూ పోయకూడదు. నల్లమందు నాకించడం, జాజికాయ అరగదీసి పోయడం కూడా ఇంకా కొన్ని ఊళ్ళలో ఉంది, అవీ వద్దు. ఏడాది లోపు తేనె కూడా వద్దు.

బల్లార్షా_అన్న | బుధవారం, రాత్రి 8:40

నాకు తెల్వది సిస్టర్, నిజంగ తెల్వది. ఇప్పుడే చెల్లికి ఫోన్ చేసిన, సీసా పారబోసింది.

రాయగడ_వదిన | బుధవారం, రాత్రి 9:30

మంచి పని చేసేవన్నా.

గుణుపురం అమ్మా, మా రెండోదానికి నేను చేసింది చెప్తాను. అన్నిటికన్నా పనికొచ్చింది పాలకీ నిద్రకీ మధ్య ఎడం పెట్టడం. లైటు వేసి ఉండగానే, ముందు గదిలో కూర్చుని కడుపునిండా పాలివ్వడం. తర్వాత గోరువెచ్చటి నీళ్ళతో మొహం కాళ్ళు తుడిచి, చిగుళ్ళు తడిగుడ్డతో తుడిచి, పల్చటి కాటన్ జుబ్బా వేసి, అత్తగారు దిష్టి తీసేవారు, ఉప్పు మిరపకాయలు. మొదట్లో నాకు అదేదో అడ్డంగా అనిపించేది గానీ పదిరోజులకి చూస్తే, ఆవిడ గుప్పిట మొహం చుట్టూ తిరుగుతుంటే పిల్ల ఆవలించడం మొదలెట్టింది. దానికి గుర్తయిపోయింది, ఇది అయ్యేక పడుకోవడమే అని. అప్పుడు దోమతెరలోకి, ఒకే పాట, ప్రతి రోజూ అదే పాట, రెండుసార్లు. తర్వాత లైటు తీసేయడం. వరస మారకూడదు. పెళ్ళికెళ్ళినా, చుట్టాలింట్లో ఉన్నా అదే వరస.

దోమతెర మాత్రం మర్చిపోకు, మన రాయగడ, కొరాపుట్ వైపు మలేరియాతో ఆటలొద్దు. ఆశా దీదీ ఇచ్చిన మందు తెర ఉంటే అదే కట్టు, అంచులు పక్క కిందకి దోపు.

గుణుపురం_అమ్మ | గురువారం, ఉదయం 11:00

అందరివీ రెండేసిసార్లు చదివేను. నిన్న సాయంత్రం అత్తగారికి, మామగారికి చదివి వినిపించేను కూడా. బొడ్డు ముక్క విన్నాక అత్తగారు ఏమీ మాట్లాడలేదు, కాసేపయ్యేక వెళ్ళి పాప చొక్కా ఎత్తి బొడ్డు చూసి వచ్చేరు. మామగారు చుట్ట వీధి అరుగు మీదే కాలుస్తానన్నారు, అది నేను అడక్కుండానే. దిష్టి సంగతి చదివినప్పుడు అత్తగారి మొహం చూడాలి, నేను తీస్తాను రోజూ అన్నారు.

ఉయ్యాల ఒక్కసారి తీసేయలేను. సిరొంచ అన్నయ్య చెప్పినట్టు తగ్గిస్తాను, కానీ ఉయ్యాల్లో కాకుండా నా ఒళ్ళో ఊపి తగ్గిస్తాను, సిస్టర్ పడిపోద్దన్నాక ఆ చీర చూస్తే భయమేస్తంది. ఈ రాత్రి నించే మొదలు. ఆయనకి శనివారం రెస్టు.

పర్లాకిమిడి_మామ్మ | గురువారం, సాయంత్రం 4:15

పక్కనే కూర్చుని చెయ్యేసి పడుకోబెట్టడమైతే అది మేం చేసిందే, దానికి నానేటీ అడ్డు చెప్పను. పిల్ల ఆకలికి లేస్తే మాత్రం పాలియ్యి, టైము చూడకు.

బరంపురం_సిస్టర్ | గురువారం, సాయంత్రం 6:00

మామ్మగారు చెప్పింది సరైన మాట. రెండేళ్ళు దాటేదాకా చనుపాలు ఇవ్వమనే చెప్తాం. ఈ వయసులో రాత్రి ఒకటి రెండు సార్లు తాగడం మామూలే. నిజంగా ఆకలైతే గటగటా తాగుతాది, మింగుతున్న చప్పుడు వినపడతాది. రెండు చప్పరింతలు చప్పరించి కళ్ళు మూసేస్తే అది ఆకలి కాదు, నిద్ర పట్టడానికి అలవాటు. బరువు తక్కువున్న పిల్లలకి, నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకి డాక్టర్ని అడక్కుండా రాత్రి పాలు తగ్గించకండి.

గుణుపురం_అమ్మ | ఆదివారం, ఉదయం 7:25

మూడు రాత్రులైంది, రాస్తన్నాను.

మొదటి రాత్రి 10:15 కి పక్క మీద వేసేను, వెంటనే లేచి కూర్చుని ఉయ్యాల కొక్కెం వైపు చెయ్యి చూపించి ఏడ్చింది. నాకు ప్రాణం పోయినట్టయ్యింది. ఒళ్ళోకి తీసుకుని ఊపి, ఏడుపు తగ్గేక మళ్ళీ పక్క మీద. అలా ఎత్తడం దించడం ఎన్నిసార్లో లెక్క పెట్టలేదు, 40 నిమిషాలకి నా చూపుడువేలు పట్టుకుని పడుకుంది. రాత్రి 6 గీతలు. రెండో రాత్రి 25 నిమిషాలు, 5 గీతలు. నిన్న ఆయన వచ్చేరు, ఆయనే పడుకోబెట్టేరు. నేను పెరటి గుమ్మంలో చీరకొంగు నోట్లో కుక్కుకుని కూర్చున్నాను. ఆయనకి పాట రాదు, స్టేషన్ల పేర్లు చెప్పుకుంటూ పోయేరు, పార్వతీపురం, కూనేరు, జిమిడిపేట, లడ్డ, రాయగడ, మళ్ళీ వెనక్కి. అదే గొంతు, అదే జోరు. పావుగంటలో పడుకుంది. రాత్రి మూడుసార్లే లేచింది, ఒకసారి పాలిచ్చేను, రెండుసార్లు ఆయనే చెయ్యేసేరు. నేను వరసగా నాలుగు గంటలు పడుకున్నాను, ఎనిమిది నెలల్లో ఇదే మొదటిసారి.

సిరొంచ_నాన్న | ఆదివారం, ఉదయం 9:10

స్టేషన్ల పేర్లు మస్తున్నయి. మాటలేందన్నది కాదు, గొంతు ఒక్కతీరుగ ఉండాలె.

జయపురం_జ్యోతి | ఆదివారం, రాత్రి 9:45

ఎంత ఆనందంగా ఉందో చెప్పలేను. ఒక్క మాట, ఆయన డ్యూటీకి వెళ్ళిపోయేక ఒకటి రెండు రాత్రులు వెనక్కి పోతాది, బెంగ పెట్టుకోకు. తొమ్మిదో నెల దగ్గర అమ్మ కనపడకపోతే బెంబేలు పడే వయసు కూడా. పగలు దోబూచి ఆడు, తలుపు వెనక దాక్కుని కనపడు, మళ్ళీ దాక్కో. అమ్మ వెళ్తాది, వస్తాది అని దానికి తెలుస్తాది.

గుణుపురం_అమ్మ | తరవాతి శుక్రవారం, రాత్రి 11:30

జ్యోతి అక్క చెప్పినట్టే అయ్యింది. సోమవారం ఆయన వెళ్ళేరు, ఆ రాత్రి గాలివానకి కరెంటు పోయింది, ఫ్యాను లేదు, ఉక్క, దోమతెరలో ఇద్దరం తడిసిపోయేం. విసనకర్రతో విసురుతూ కూర్చుంటే మళ్ళీ పాత పాటే, ఉయ్యాల్లో వేసేశాను. వేసేక చాలా బాధపడ్డాను, అయిదు రోజుల కష్టం పోయిందని. పొద్దున్న అత్తగారు ఏమన్నారంటే, ఒక రోజు వాన పడితే పొలం మానేస్తామేటి అన్నారు. మంగళవారం మళ్ళీ దిష్టి, పాట, పక్క. అనుకున్నంత ఏడవలేదు, 20 నిమిషాలు.

సిస్టర్‌గారూ, వచ్చే వారం మమతా దివస్‌లో, అదే ఊళ్ళో తల్లీపిల్లలకి టీకాలేసే రోజు, తొమ్మిదో నెల టీకా ఉంది. అప్పుడు ఏం చేయాలి?

బరంపురం_సిస్టర్ | శనివారం, ఉదయం 7:00

వేయించండి, తప్పకుండా. తట్టు రుబెల్లా టీకా, విటమిన్ ఏ చుక్కలు ఉంటాయి. తట్టు టీకాకి జ్వరం వస్తే ఆ రోజే కాదు, వారం పది రోజులకి రావడం ఎక్కువ, అప్పుడు కొత్తగా ఏదో అయ్యిందని కంగారు పడకండి. ఒళ్ళు వెచ్చబడిన రోజుల్లో నేర్పడం పక్కన పెట్టి ఎత్తుకోండి, పాలివ్వండి, ఎంత కావాలంటే అంత. దిష్టి, పాట, పక్క వరస మాత్రం వదలకండి. జ్వరం తగ్గేక రెండు మూడు రాత్రుల్లో దారిలోకి వస్తాది.

గుణుపురం_అమ్మ | మూడు వారాల తర్వాత, ఆదివారం, ఉదయం 6:40

ఆలస్యమైంది, ఏమీ అనుకోకండి. టీకా అయ్యింది, ఎనిమిదో రోజు జ్వరం వచ్చింది, రెండు రాత్రులు నా మీదే పడుకుంది. తర్వాత మళ్ళీ మొదలుపెట్టేం. ఇప్పుడు టైము 9 కి జరిగింది. అత్తగారు సాయంత్రం 6 కి టీవీ మానేసి పాపని వంశధార గట్టు దాకా ఎత్తుకెళ్ళి తిప్పుకొస్తన్నారు, ఆ కునుకు దానంతటదే పోయింది.

మొన్న రాత్రి 3 కి మెలకువ వచ్చింది నాకు. పాప కదిలింది. ఊపిరి బిగబట్టి చూస్తన్నాను. కాళ్ళు రెండూ పైకెత్తి దబ్బుమని పడేసింది, ఏదో గొణిగింది, దోమతెర అంచు వేళ్ళతో రుద్దుకుంది, అటు తిరిగిపోయింది. నేను చెయ్యి చాపేను కూడా, చాపి వెనక్కి తీసుకున్నాను. చాలాసేపు నాకే నిద్ర పట్టలేదు.

గోడ మీద నిన్నటికి ఒకటే గీత, అది పాలకి.

మల్కన్‌గిరి_చిన్ని | ఆదివారం, మధ్యాహ్నం 3:30

అక్కా మొత్తం చదివేను. మా బాబుకి అయిదో నెల నడుస్తంది, స్ప్రింగ్ ఉయ్యాల. నేను ఇప్పుడే మొదలుపెట్టొచ్చా? సాయంత్రం అయ్యేసరికి గుక్కపట్టి ఏడుస్తాడు.

గుణుపురం_అమ్మ | ఆదివారం, రాత్రి 9:20

చిన్నీ, ఆ సాయంత్రం ఏడుపు గురించి ముందు ఆశా దీదీకి గాని డాక్టరుకి గాని చూపించు, చెవులు కూడా చూడమను. నేర్పడానికి తొందరేమీ లేదు, ఇప్పుడు వరస ఒక్కటే పెట్టుకో, పాలు, తుడవడం, పాట, చీకటి. రోజుకి ఒక్కసారి, పగటి కునుకు ఒక్కటి పక్క మీద వేసి చూడు, పడుకోకపోతే ఎత్తుకో. మీ ఇంట్లో రాత్రి ఎవరెవరుంటారు, నువ్వు పడుకుంటే బాబుని చూసేవాళ్ళున్నారా? అది చెప్పు.